తేలిక మిషను

నైలాన్ తీగను రీలుకు చుట్టడం మూడోసారి మొదలుపెట్టాడు గడ్డిమాస్టారు. రెండుసార్లూ చివరి చుట్టు దగ్గరే వేళ్లు పట్టు తప్పాయి. తీగ మొత్తం విచ్చుకుని ఒళ్లోకి దూకింది. ఈసారి రీలును మోకాళ్ల మధ్య బిగించి, ఒక కొస పళ్లతో పట్టుకుని, ఊపిరి బిగబట్టి చుట్టాడు. కుదురుకుంది. నోటినిండా పెట్రోలు రుచి మిగిలింది. థూ అని ఉమ్మి, రీలును గడ్డి కోసే కట్టరు తలలోకి నొక్కి బోల్టు బిగించాడు.

పొద్దున్న ఏడున్నర. పనిముట్ల గదిలో రేకుల కప్పు అప్పుడే వేడెక్కుతోంది. నడుం పట్టుకుని లేచాడు. లేవడానికి ఈ మధ్య గోడ సాయం కావాల్సి వస్తోంది.

ఆయన అసలు పేరు హాజరు పుస్తకంలో ఉంది. మిగతా అందరికీ గడ్డిమాస్టారే. చేరిన కొత్తలో కనబడిన ప్రతివాడికీ గడ్డి గురించి పాఠం చెప్పేవాడట. "నేలకి రెండు వేళ్ల ఎత్తున కోయాలి. ఇంకా కిందికి కోశావా, వేరు ఎండుతుంది, వానకి గట్టు జారుతుంది" అని. ఎవరో "చిత్తం మాస్టారూ" అన్నారు. అది అతుక్కుపోయింది. ఆయన బడికి వెళ్లింది నాలుగేళ్లే.

ఊరు తాగే నీళ్లన్నీ ఈ ఆవరణలోంచే వెళతాయి. ఏటి నీళ్లు బురదగా వచ్చి నాలుగు గుండ్రటి తొట్లలో తేరుకుని, జల్లెడలు దాటి, ఇసుక మడుగుల్లోకి దిగుతాయి. తొట్ల చుట్టూ గడ్డి గట్లు. గట్ల అవతల చెట్ల వరుస. గడ్డి పెరిగితే పురుగూ పుట్రా చేరతాయి. ఆకులు నీళ్లలో పడితే జల్లెడ మూసుకుపోతుంది. గడ్డి కోయడానికి మాస్టారు, ఆకులు ఊడ్చడానికి కాంట్రాక్టు మీద ఒకావిడ. ఆవిడను ఆయన చెల్లెమ్మా అంటాడు. ఆవిడ అన్నయ్యా అంటుంది. ఎనిమిదేళ్లుగా రోజుకు రెండుసార్లైనా పోట్లాడుకుంటారు.

"ఏం అన్నయ్యా, తీగ చుడుతున్నావా, జడ వేస్తున్నావా? అరగంటైంది" అంది ఆవిడ గుమ్మంలో నుంచి, పొడుగు చీపురు భుజాన వేసుకుని.

"నీకు ఆకులు లేవా?"

"ఆకులకేం, నీ మాటల్లాగా రాలుతూనే ఉంటాయి."

ఆయన కట్టరు స్టార్ట్ చేశాడు. ఆవిడ చెవులు మూసుకుని వెళ్లిపోయింది. మిషను పదినిమిషాలు తిప్పి ఆపాడు. గోడ వారన ఉన్న స్టీలు గ్లాసు నిండా నీళ్లు పట్టి, చెయ్యి చాచి నిలబడ్డాడు. ఇది ఆయన పద్ధతి. తీగ మార్చినా బ్లేడు మార్చినా, పదినిమిషాలు నడిపి, నిండు గ్లాసు పట్టుకుంటాడు. నీళ్లు ఒలికితే తల సమంగా కూర్చోలేదని లెక్క. విప్పి మళ్లీ బిగించాలి. ఒకప్పుడు ఏడాదికి ఒకసారి విప్పాల్సి వచ్చేది. ఈ రెండేళ్లలో నలభై సార్లు విప్పి ఉంటాడు. వర్క్‌షాపు మెకానిక్ దగ్గరికి రెండుసార్లు మోసుకెళ్లాడు. "బంగారంలా ఉంది మాస్టారూ, దీనికేం లేదు" అన్నాడు మెకానిక్. వాడికేం తెలుసు అనుకున్నాడు ఈయన.

ఇవాళా నీళ్లు ఒలికాయి. మణికట్టు మీదుగా మోచేతి దాకా కారాయి.

ఇంట్లో భార్య ఆయనకు టీ సగం గ్లాసే పోస్తుంది. తాగాక ఇంకో సగం. ఆదివారం కూడా అంతే. "ఇవాళ మిషను పట్టలేదుగా మీరు?" అని ఒకసారి అడిగింది. "నిన్నటి అదురు ఇంకా దిగలేదు" అన్నాడు, మత్తు గురించి చెప్పినట్టు. ఆవిడ మళ్లీ అడగలేదు.

స్పానరు తీసుకోబోతుంటే సూపరింటెండెంట్ వచ్చాడు. వెనక రెండు పెట్టెలతో కంపెనీ మనిషి. మెడలో టై, బూట్లకు అప్పుడే అంటిన బురద.

"ఆ ముసలి మిషను ఇక వదిలెయ్ మాస్టారూ" అన్నాడు సూపరింటెండెంట్. "రెండో తొట్టిలో నూనె చుక్క తేలిందని పైనుంచి ఒకటే రుసరుస. పెట్రోలుది తొట్ల దగ్గరికి తేవద్దన్నారు. ఇవి బ్యాటరీవి, రెండు రకాలు. ఇవాళంతా వాడి చూడు. సాయంత్రానికి ఏది కావాలో తేల్చు."

కంపెనీ మనిషి పెట్టెలు విప్పాడు. ఒక్కో సెట్టులో గడ్డి కోసే కట్టరు, కంచె కత్తిరించేది, ఆకులు ఊదే బ్లోయరు. మూడింటికీ ఒకటే బ్యాటరీ. పెద్ద సెట్టుది వీపున తగిలించుకునేంత బ్యాటరీ. చిన్నదానిది ఇటుకంత, పిడి వెనకే కూర్చుంటుంది. గంటకోసారి మార్చుకోవాలి.

"దీని బ్యాటరీ దానికి పట్టదండి. ఒకసారి తీసుకున్నారంటే ఏళ్లపాటు దీంతోనే కాపురం" అన్నాడు నవ్వుతూ.

సూపరింటెండెంట్ మాస్టారును పక్కకు పిలిచాడు. గొంతు తగ్గించాడు. "చూడు, బ్లోయరు వస్తే ఊడ్చే పని ఉండదు. రెండు పనులూ ఒకరే చేయాలని రాశారు. నువ్వు పర్మనెంటువి, రిటైరవడానికి ఇంకా నాలుగేళ్లుంది నీకు. ఆవిడకి ఈ నెలతో సరి. నా మాట విని పెద్దది తీసుకో. ఆ బరువు ఆవిడ మోయలేదు. రేపెవడైనా ఆడమనిషికి తక్కువిచ్చి చేయించుకోవచ్చుగా అంటే చెప్పడానికి నాకో మాట ఉంటుంది."

మాస్టారు తల ఊపాడు. సంతోషం కలగలేదు. ఆవిడ మీద కోపం లాంటిది కలిగింది, ఎందుకో తెలియకుండానే.

ముందు చిన్నది పట్టుకున్నాడు. మీట నొక్కితే సీలింగు ఫ్యానులా ఝుం అంది, అంతే. ఆగిపోయిందేమో అని రెండుసార్లు వంగి చూశాడు. గడ్డి తెగుతూనే ఉంది. కొంచెం నెమ్మది, కానీ అంచు శుభ్రంగా వస్తోంది. మొదటి తొట్టి చుట్టూ సగం తిరిగేసరికి ఏదో గలగల వినిపించి ఆగాడు. తొట్టిలోకి నీళ్లు దిగే చప్పుడు. ఇన్నేళ్లలో పని చేస్తూ ఆయన ఆ చప్పుడు వినలేదు.

పదినిమిషాలైంది. ఆపి, గ్లాసు తెప్పించుకుని, నిండా పట్టి చెయ్యి చాచాడు.

నీళ్లు ఒలికాయి.

"దీని తలా సరిగా లేదు" అన్నాడు.

"అబ్బే, దీనికి అదురే ఉండదండి. ఇదుగో చూడండి." కంపెనీ మనిషి కట్టరును గట్టు మీద పడుకోబెట్టి, నడుస్తుండగానే దాని వీపు మీద గ్లాసు నిలబెట్టాడు. ఎన్ని ఊళ్లలో చూపించిన విద్యో, చెయ్యి తడుముకోలేదు. మిషను ఝుం అంటోంది. గ్లాసులో నీళ్లు అద్దంలా ఉన్నాయి. ఆకాశంలో మబ్బు తునక ఒకటి అందులో కదలకుండా కనిపించింది.

మాస్టారు దాన్ని చూశాడు. తర్వాత తన చేతిని చూశాడు. ఏమీ పట్టుకోని చెయ్యి, గాలిలో, తనంతట తనే వణుకుతోంది.

కంపెనీ మనిషి కూడా చూశాడు. చూసి, చప్పున వంగి గ్లాసు తీసేశాడు. "పొద్దున్నే కదండీ, టిఫిన్ చేసి ఉండరు" అన్నాడు.

"అవును, చేయలేదు" అన్నాడు మాస్టారు. కడుపునిండా తిని వచ్చాడు.

తర్వాత చాలాసేపు ఆయనకు ఏ పనీ గుర్తులేదు. నలభై సార్లు విప్పిన బోల్టు గుర్తొచ్చింది. పాపం, ఆ మిషనును ఎన్ని తిట్లు తిట్టాడు! మెకానిక్‌ను కూడా వదల్లేదు. భార్య ఆదివారం పోసే సగం గ్లాసు గుర్తొచ్చి, అక్కడ ఆపేశాడు ఆలోచన.

పదకొండింటికి పెద్దది తగిలించుకున్నాడు. వీపున ఎదిగిన పిల్లను ఎక్కించుకున్నట్టుంది. కానీ మీట నొక్కగానే దాని బలం చేతుల్లోకి వచ్చింది. పంపుహౌసు వెనక బొటనవేలంత కాడలు కూడా ఒక్క ఊపుకు పడిపోయాయి. ఇంత బరువు పట్టినప్పుడు వణుకు కనిపించదు. బరువే దాన్ని తొక్కిపడుతుంది. నాలుగేళ్లు గడిచిపోతాయి అనుకున్నాడు. చెమట కళ్లలోకి దిగుతోంది, అయినా హుషారుగా మూడో తొట్టి గట్టెక్కాడు.

అంచు దగ్గర చెయ్యి జారింది. రెప్పపాటు. నీటి మట్టం చూపే బెండుకు కట్టిన తాడు ఫట్‌మని తెగింది. బెండు తొట్టి మధ్యకు తేలిపోయింది. గోడ మీది ముల్లు సున్నాకు పడింది. పంపు గదిలో గంట మోగింది.

సూపరింటెండెంట్ పరుగెత్తుకొచ్చాడు. "ఎవరిది ఈ నిర్వాకం?"

మాస్టారు నోరు తెరిచేలోపే, పక్కనే గట్టు గీకుతున్న చెల్లెమ్మ పార ఎత్తి చూపించింది. "నాదే సార్. పార తగిలింది."

"కళ్లు నెత్తికెక్కాయా? లోపల పంపు ఆగిపోయేది తెలుసా?" ఇంకా ఏదో అనబోయి చెయ్యి విదిల్చాడు. "సర్లే, ఇంకెన్నాళ్లులే." అన్నాక నాలుక కరుచుకుని, కొత్త తాడు తెమ్మని కేకలేస్తూ వెళ్లిపోయాడు.

మాస్టారు వీపు మీది బరువు దించి గట్టు మీద కూలబడ్డాడు.

"నిన్నెవరు అడ్డం రమ్మన్నారు?"

"పోయేదాన్ని, నాకు మాటొస్తే ఏమైంది?" ఆవిడ కూడా కాస్త ఎడంగా కూర్చుంది. "బ్లోయరు అన్నప్పుడే అర్థమైంది. గాలే ఊడుస్తుంటే మధ్యలో నేనెందుకు?"

"అయితే మాత్రం అబద్ధం చెబుతావా?"

"నీ చేతుల సంగతి నాకు తెలీదా అన్నయ్యా? రెండేళ్లుగా గోడ వైపు తిరిగి టీ తాగుతున్నావు. నేను నవ్వుతాననా?"

"నవ్వవా మరి?"

"నవ్వేదాన్నే" అంది. "మొదటి రోజు. తర్వాత నవ్వు రాలేదు."

బెండు తొట్టి నడుమ మెల్లగా తిరుగుతోంది. ఆవిడ ఇంట్లో సంపాదించేది ఆవిడొక్కతే. ఆ సంగతి ఆవిడ ఇప్పుడు ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఆయనకు తేలికగా ఉండేది, కసురుకోవడానికి.

"లే" అన్నాడు. "ఆ చిన్నది ఇలా తే."

"నాకెందుకు?"

"తెమ్మంటుంటే!"

భుజం పట్టీ ఆవిడ మోకాళ్ల దాకా వేలాడింది. ఆయనకు దాన్ని బిగించడానికి చాలాసేపు పట్టింది. బకిల్ వేళ్లకు చిక్కలేదు. ఆవిడ అటు చూస్తూ నిలబడింది, తొందరపెట్టకుండా. మీట నొక్కగానే ఆవిడ కెవ్వుమంది. మొదటి బారలోనే మట్టి లేచింది.

"రెండు వేళ్లు! నేలకి రెండు వేళ్లు ఎత్తు! గడ్డి కోయమన్నానా, పునాది తవ్వమన్నానా?"

"అరవకు, వినపడుతుంది. ఇది నీ పాత రాక్షసి కాదు."

నాలుగో తొట్టి సగం తిరిగేసరికి ఆవిడ చెయ్యి కుదిరింది. చీపురు తిప్పిన చెయ్యి, ఆ ఊపే ఇక్కడా పనికొచ్చింది. అంచున రాతికి వెంట్రుకవాసి దూరంలో తీగ తిరుగుతోంది, రాయి తగలడం లేదు. మాస్టారు వెనక నుంచి చూశాడు. తప్పు వెతికాడు. దొరకలేదు. ఒళ్లంతా ఒక్కసారిగా అలిసిపోయినట్టయింది. ఇన్నేళ్ల అలసట ఇవాళ్టికి దాచుకున్నట్టు.

మూడింటికి ఆఫీసులోకి వెళ్లాడు.

"చిన్నది రాయండి సార్."

సూపరింటెండెంట్ కళ్లజోడు తీశాడు. "చెప్పింది నీకు అర్థమైందా అసలు?"

"అయింది. ఆ తాడు తెంపింది నేను. పార కాదు. చేతులు వశంలో లేవు. తొట్టి అంచున నన్ను నేనే నమ్మను, మీరెలా నమ్ముతారు?"

"డాక్టరుకు చూపించుకో. నాలుగు రోజులు సెలవు పెట్టు."

"సెలవులు చాలా ఉన్నాయి సార్. ఎప్పుడూ వాడలేదు. అవన్నీ వాడేస్తాను. అవి అయ్యాక వైద్య కారణాల మీద పదవీ విరమణ అని కాగితం రాయండి, వచ్చి సంతకం పెడతాను. ఆవిడ పని నేర్చేసుకుంది. మీరే వెళ్లి నాలుగో తొట్టి చూడండి."

"పింఛను తగ్గిపోతుందయ్యా. ఇంట్లో చెప్పావా?"

"మా ఆవిడకి నాకన్నా ముందే తెలుసనుకుంటా సార్."

సూపరింటెండెంట్ కిటికీలోంచి గట్టు వైపు చూశాడు. పెన్ను మూత తీశాడు, పెట్టాడు, మళ్లీ తీశాడు. "ఆవిడ పేరు పూర్తిగా ఏమిటి?" అని అడిగాడు చివరికి.

మాస్టారు చెప్పాడు. ఇంటిపేరుతో సహా చెప్పాడు.

తిరిగొచ్చేసరికి పనిముట్ల గది ఖాళీగా ఉంది. చెల్లెమ్మ తొట్ల అవతల బ్లోయరుతో ఆకులను ముందుకు తోలుకుంటూ పోతోంది. అవి మాట వినక చెల్లాచెదరవుతుంటే వాటిని తిడుతోంది. పిలిస్తే వినపడేంత దూరమే. ఆయన పిలవలేదు. గది మూలన సుత్తి వెతికాడు. కొత్త మేకు ఒకటి తీసుకుని గోడ మీద చోటు చూసుకున్నాడు. రెండు దెబ్బలు గోడకు తగిలాయి. ఒకటి బొటనవేలికి తగిలింది. నాలుగోది పడింది. చిన్న కట్టరును దానికి తగిలించి, జారుతుందేమో అని ఒకసారి లాగి చూశాడు. చెప్పులు తొడుక్కుని, సైరన్ కూయకముందే గేటు దాటాడు. వాచ్‌మన్ "ఏం మాస్టారూ, ఇవాళ తొందరగా?" అంటే, చెయ్యి ఊపి వెళ్లిపోయాడు.

పనిముట్ల గది తలుపు తీసే ఉంది. గోడ మీద మిగతా మేకులన్నీ ఒక పొడుగాటి మనిషి చేతికి అందే ఎత్తున, ఒకే వరుసలో ఉన్నాయి. కొత్త మేకు వాటికి జానెడు కింద, ఒక ఆడమనిషి చెయ్యి ఎత్తితే సరిగ్గా అందేచోట, కొంచెం వంకరగా దిగి ఉంది.