ఇన్‌చార్జి సంతకం

సింగపూర్‌లోని యీషున్‌లో గంగాధర్ ఉండే వార్డు ఎంపీ రాజీనామా చేసి వెళ్ళిపోయాడు. అక్కడ కొందరు ఎంపీలు ఒకే జట్టుగా గెలిచిన చోట ఒకరు పోతే ఉప ఎన్నిక పెట్టరు. పక్క వార్డు ఎంపీనే ఈ వార్డూ చూసుకోమన్నారు.

గంగాధర్ భార్య పోయి ఏడాదైంది. ఎనిమిదేళ్ళ కూతురు కీర్తికకు అన్నీ నానమ్మ కోటేశ్వరే. ఆమె ఆ దేశంలో ఉండేందుకిచ్చిన పాస్ పొడిగించబోమని ఉత్తరం వచ్చింది. అప్పీలుకు రెండు వారాల గడువు. ఎంపీ చేత ఒక ఉత్తరం రాయించుకుంటే బరువుంటుందని నలుగురూ చెప్పారు.

సోమవారం సాయంత్రం అపార్ట్‌మెంట్ బ్లాక్ కింద ఎంపీ జనాన్ని కలిసే చోటికి పరుగెత్తాడు. టోకెన్లిచ్చే లత తెలుగమ్మాయే.

"మన ఎంపీ వెళ్ళిపోయారుగా అంకుల్. పక్క వార్డాయన కవర్ చేస్తున్నారు, కూర్చోండి."

"అంటే ఇన్‌చార్జా అమ్మా?"

"ఆఁ, అలాంటిదే."

అంతే, గంగాధర్‌కు ఊళ్ళో సంగతి గుర్తొచ్చింది. తెనాలిలో ఇన్‌చార్జి తహసీల్దారు వాళ్ళ నాన్నను ఒక్క కాగితం కోసం పదకొండు నెలలు తిప్పాడు. "నేను ఇన్‌చార్జినేనయ్యా, రెగ్యులర్ ఆయన రానీ" అన్నదే పాట. ఉన్నది ఒక్కటే అప్పీలు, దానికి చెల్లని సంతకం పెట్టించి చెడగొట్టుకుంటామా అనుకున్నాడు మన తెలివైనవాడు. టోకెన్ తిరిగిచ్చేశాడు. మరుసటి సోమవారం దూరం నుంచే చూశాడు. కుర్చీలో మళ్ళీ ఆ ఇన్‌చార్జే. గడువు చివరి రోజున ఉత్తరం లేకుండానే అప్పీలు పంపాడు. నాలుగు రోజుల్లో కాదన్నారు. ఇదే తుది నిర్ణయమనీ రాశారు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, మళ్ళీ లత దగ్గరికే వచ్చాడు.

"కొత్తాయన ఎప్పుడొస్తాడమ్మా?"

"జనరల్ ఎలక్షన్ దాకా ఎవరూ రారు అంకుల్. ఈయన సంతకం కూడా ఎంపీ సంతకమే కదా! ఎవరు చెల్లదన్నారు మీకు?"

ఎవరూ అనలేదు. తనే అనుకున్నాడు. సిగ్గు దిగమింగుకుని టోకెన్ తీసుకుని ఎంపీ ముందు కూర్చున్నాడు.

ఎంపీ అంతా విని, అక్కడికక్కడే ఉత్తరం రాయించి సంతకం పెట్టాడు. రెండు నిమిషాలు పట్టలేదు. "పంపుతాను, కానీ ఆశ పెట్టుకోకండి. పాస్ ముగిసేలోగా ఆవిడ వెళ్ళాల్సిందే. మొదటివారమే రావాల్సింది" అన్నాడు మెల్లగా.

ఇంట్లో కోటేశ్వరి మనవరాలికి అన్నం కలుపుతోంది. కీర్తిక ఎదురొచ్చి అతని చేతిలో కాగితం లాక్కుంది.

"సైన్ చేశారా నాన్నా? సో నానమ్మ కెన్ స్టే, రైట్?"

గంగాధర్ అవునన్నట్టు తలూపాడు. ఆదివారం ఫ్లైటుకు తల్లి పేరున టికెట్టు తీసి అప్పటికి గంట కూడా కాలేదు.