కుట్లలో వదిలిన బట్ట

“నీ పేరెందుకే, నా పేరు మీద పెట్టేద్దాం. నీకు తిరుగుడు తప్పుతది,” అన్నాడు మా ఆయన, నేను జొన్నరొట్టె కొడుతుంటే.

ఆయనకు పెద్ద మాటలన్నీ రొట్టెల వేళకే గుర్తొస్తాయి. పెనం మీద రొట్టె ఉన్నప్పుడు నేను వాదనకు దిగితే మాడేది రొట్టె, మాట పడేది నేను. బిడ్డ ఏ కాలేజీలో చేరాలి, ఇంటికి ఏ రంగు వెయ్యాలి, మా అత్తమ్మ ఏ గదిలో పడుకోవాలి, అన్నీ నేను పిండి చేతులతో ఉండగానే తేలిపోయాయి. పిండి నా చేతికి, పెత్తనం ఆయన చేతికి అంటుకుని వదలవు.

ఆయన పేరు మహిధర్. వికారాబాద్‌లో విత్తనాలు, ఎరువుల దుకాణం. నేను శ్యామలను. పెళ్లయిన మరుసటి ఏడు నుంచి మా ముందు గదిలోనే జాకెట్లు కుడుతున్నాను. అర్ధాంగి అంటే సగం కుట్టి వదిలేసిన అంగి అని టైలరుగా నా అభిప్రాయం. మిగతా సగం ఎవరూ కుట్టరు గానీ, ఎక్కడ పిగిలిందో మాత్రం అందరూ చూపిస్తారు.

ఆ రోజు ఆయన మాట్లాడింది తాండూరులో మేము దుకాణానికి అద్దెకు తీసుకోబోయే షట్టరు గది గురించి. మేము అంటే నేనూ, వైశాలీ. వైశాలి తాండూరులో మగ్గం వర్క్ చేస్తుంది. మగ్గం అనే మాటలో మగ ఉన్నాడు గానీ, దాని ముందు నడుము వంచి మగ్గేది ఆడదే. మా ఇద్దరి పనీ ఒకే బట్ట మీద నడుస్తుంది. ముందు నేను నిండు బట్ట మీద సుద్దతో మెడ, వీపు, చేతులు గీసి పంపుతాను. ఆ బట్టను ఆమె చట్రానికి బిగించి, నా గీతల లోపల పూసలూ జరీ కుడుతుంది. అది తిరిగొచ్చాక గానీ నేను కత్తెర పట్టుకోను. ఇన్నేళ్లుగా ఆ సంచి రోజూ రైల్లో తాండూరు బడికి పోయే టీచరమ్మ చేతుల్లో అటూ ఇటూ తిరుగుతోంది. పెళ్లివాళ్లు రెండు ఊర్లు తిరగలేక విసుక్కుంటుంటే, ఒకచోట దుకాణం పెడదామని మేమిద్దరం అనుకున్నాం. షట్టరు యజమాని సోమవారం దాకా ఆగుతానన్నాడు. అగ్రిమెంటు ఎవరి పేరు మీద రాయాలో చెప్పమన్నాడు. అంతే, చిన్న ప్రశ్న. దానికి మా ఇంట్లో అప్పటికే జవాబు తయారైంది: మహిధర్ లేడీస్ టైలర్స్.

సూదిలో దారం ఎక్కించమంటే అద్దాలు వెతుక్కునే మనిషి పేరు మీద లేడీస్ టైలర్స్. నవ్వొచ్చింది, నవ్వాను కూడా. “నవ్వుతవేంది? మొగోని పేరుంటే బోర్డుకు బరువు,” అంది మా అత్తమ్మ గోవిందమ్మ. “బరువు ఉండనియ్యి అత్తమ్మా, మోసేటోళ్లం ఉన్నం గద,” అన్నాను. నా మాటలకు మా ఇంట్లో అందరూ నవ్వుతారు. అదే నాకు తీపిలో చేదు. నేను ఏడుపుని జోకుగా చెప్తే జోకుకే నవ్వి వెళ్లిపోతారు, ఏడుపు నా దగ్గరే మిగిలిపోతుంది. భాగస్వామి అనే మాటను ఆ పూటంతా నమిలాను. భాగం నాదట, స్వామి ఆయనట. ఇంటిపేరు ఆయనది, ఇంటిపని నాది. ఇప్పుడు పేరూ పనీ అదే లెక్కలో దుకాణానికి కూడా వస్తున్నాయి. మిషన్ మీద కూర్చుంటే కాలు నిలవదు, లేచి వాకిట్లోకి పోతే కన్ను నిలవదు. దారం తెగింది, ఎక్కించాను, మళ్లీ తెగింది. తెగనిది నా ఆలోచనొక్కటే. వద్దని ఎందుకనలేదు? ఆయన చెడ్డవాడు కాదు, అదే చిక్కు. కొట్టే మొగుడైతే కొట్టాడని చెప్పుకోవచ్చు. తిరుగుడు తప్పిస్తానన్న మొగుణ్ణి ఏమని చెప్పుకోవాలి?

ఆ పరేషాన్‌లోనే చెయ్యకూడనిది చేశాను. యాలాల్ ఊరి పెళ్లికూతురి ఎర్రపట్టు బట్ట మీద సుద్ద గీతలు గీసి, వైశాలికి పంపకుండానే రెండు చేతులూ కత్తిరించేశాను. ముక్కలు టేబుల్ మీద పడ్డాక గానీ నాకు తెలివి రాలేదు. కత్తిరించిన ముక్క చట్రానికి బిగియదు, బిగియకపోతే పూస నిలవదు.

భోజనానికి వచ్చిన ఆయనతో చెప్పాను.

“కత్తెర నీ చేతిలుంటే నాకెందుకు చెప్తున్నవ్? అది మీరూ మీరూ చూస్కోర్రి,” అన్నాడు పప్పు కలుపుకుంటూ. “ఆ, బోర్డు సంగతి వైశాలికి ఫోన్ల చెప్పిన. ఒప్పుకున్నది.”

పేరు ఆయనది, పొరపాటు నాది. రొట్టె ఆయన కంచంలో వేశాను, ఆ మాట మాత్రం నేను మింగాను.

మర్నాడు ఆ ముక్కలు పట్టుకుని నేనే రైలెక్కాను. వైశాలి వాటిని వెలుతురులో పెట్టి తిప్పి చూసింది.

“అక్కా, చేతులు కోసి నాకు చెయ్యిచ్చినవ్ గదా,” అంది. తిట్టలేదు. వాళ్ల మామ పాత ధోవతి తెచ్చి, దాని మీద నా ముక్కల అంచులు సన్నగా టాకా కుట్టు వేసి, ధోవతిని చట్రానికి బిగించింది. “రెండింతల పని. పైన వర్క్ అయినంక కింద ధోవతి కోసేస్త. పెళ్లిపిల్లకు తెల్వది.”

సూది కిందికీ పైకీ నడుస్తుండగా, తల ఎత్తకుండానే అడిగింది. “అక్కా, బోర్డు బావ పేరు మీద పెట్టుడు నీకు మంచిగనే అనిపించిందా? నువ్వు సరే అన్నవంటే నేనేమంట?”

“నేనెప్పుడు సరే అన్న?”

“బావ చెప్పిండు. శ్యామల ఒప్పుకున్నది అన్నడు.”

“నాకు నువ్వు ఒప్పుకున్నవన్నడు.”

సూది ఆగింది. మేమిద్దరం నోరు విప్పకుండానే మా ఇద్దరి మధ్య ఒప్పందం కుదిరిపోయింది. ఈసారి నాకు జోకు దొరకలేదు.

వైశాలి మళ్లీ సూది గుచ్చి, “ఒక మాట అంట, తప్పు పట్టకు,” అంది. “బావ వద్దు, సరే. మనమిద్దరమే అనుకో. రేపు నీకూ నాకూ పడకుంటే?”

చురుక్కుమంది. ఇన్నేళ్ల స్నేహానికి ఈ ప్రశ్నా అనుకున్నాను. కానీ నా ఒళ్లోనే యాలాల్ పిల్ల కొలతకిచ్చిన ఆది జాకెట్టు ఉంది, అదీ నేను కుట్టిందే. దాన్ని లోపలికి తిప్పి చూపించాను. పక్కల్లో నేను ఎప్పుడూ వదిలే బట్ట, దాని మీద వరసగా అదనపు కుట్లు. పిల్ల లావైతే ఒక కుట్టు విప్పితే చాలు, జాకెట్టు చినగదు.

“ఇది వదలకుండ నేనెప్పుడన్న కుట్టిన్నా?”

“లే.”

“మరి దుకాణానికి ఎందుకు వదలను?”

సోమవారం వికారాబాద్‌లో టాక్స్ కాగితాలు చూసే సంతోష్ గారి ఆఫీసుకు ముగ్గురం పోయాం. మహిధర్ ముందు కుర్చీలో కూర్చున్నాడు.

“ఒక్కరి పేరు మీదైతే ప్రొప్రైటర్‌షిప్ అంటరు,” అన్నాడు సంతోష్. “దుకాణం మొత్తం ఆ ఒక్కరిదే. మిగతావాళ్లు పనోళ్ల కిందికి వస్తరు. ఇద్దరు కలిస్తే పార్ట్‌నర్‌షిప్. ఒకరి తప్పుకు ఇంకొకరు కూడా జవాబు చెప్పాలె, ఇంటి దాకా వస్తది. ఎల్‌ఎల్‌పి అయితే ఆ భయం తక్కువ, గనీ బేరం నడిచినా నడవకున్నా ఏటేటా కాయితాలు దాఖలు చెయ్యాలె, ఫీజులు కట్టాలె.”

“మా ఇంట్ల అంత ఒకటే సార్. నా పేరు రాయిర్రి,” అన్నాడు ఆయన.

“అంటే నేను ఈయన దగ్గర పనిమనిషినా?” అని అడిగాను.

సంతోష్ ఇబ్బందిగా, “కాయితం మీద గంతే మేడం,” అన్నాడు. కాగితం మీదే కొత్త, ఇంట్లో నాది పాత ఉద్యోగమే.

“మా ఇద్దరి పేర్లు రాయండి. పార్ట్‌నర్‌షిప్.”

“శ్యామలా, తెలుస్తుందా? ఆమె తప్పు చేస్తే నీ మీదికి వస్తది,” అన్నాడు ఆయన.

వైశాలి మొదటిసారి నోరు తెరిచింది. “మొన్న అక్క తప్పు నేను కుట్టిన బావా. మాకు అలవాటే.”

“ఇంకొక మాట కూడా రాయండి,” అన్నాను సంతోష్‌తో. “రేపు ఎవరు బయటికి పోవాలన్నా ముందుగా చెప్పి, చేతిలో ఉన్న పెళ్లి బట్టలు ముగించి, ఎవరి మిషన్, ఎవరి మగ్గం వాళ్లు తీసుకొని పోవచ్చు. ఆపొద్దు, అడ్డం పడొద్దు.” ఆ మాట చెప్తుంటే నా కళ్లు కాగితం మీద లేవు, మహిధర్ మీద ఉన్నాయి. ఆయన నా వైపు చూసి, గోడ మీది క్యాలెండరు వైపు తిరిగాడు.

కాగితాలు వచ్చాయి. వైశాలి పెట్టింది, నేను పెట్టాను. సంతకం పెట్టినప్పుడు ఏదైనా సొంతమవడం నాకు ఇదే మొదలు. అలవాటు కొద్దీ మహిధర్ జేబులోంచి పెన్ను తీసి, “నేను ఏడ పెట్టాలె?” అన్నాడు.

మా ఇద్దరి పేర్ల కింద ఇంకా ఖాళీగా ఉన్న గీత మీద వేలు పెట్టాను.

“ఇక్కడ. సాక్షి అని ఉన్నకాడ. పెళ్లయినప్పటి నుంచి నేను నిలబడ్డ జాగనే అది,” అన్నాను. “పెట్టుర్రి. మీకు తిరుగుడు తప్పుతది.”