ఉప్పునీళ్లలో లేచిన గీత

అయినా ఉత్త ఉప్పునీళ్లలో ఏముందని ఆ గీత లేస్తుంది, అనుకుంటూ తోమిన గిన్నెనే మళ్లీ తోముతున్నాను, చేతులు ఆగితే చెవులు పని మొదలుపెడతాయి, వెనక బల్ల దగ్గర మా అమ్మాయి నిట్టూర్పులన్నీ వినాలి, ల్యాబ్‌కి రంగులేస్తున్నారని సరంజామా అంతా ఇంటికి తెచ్చుకుంది, అంతా అంటే అరచేతిలో పట్టే పెట్టె, తీగలు, చిన్న గాజు కప్పు, పెన్సిల్లో ఉండే నల్ల పుల్ల, ఆ పుల్లకి తను పూసిన పూత నెత్తుట్లో విటమిన్ సి ఎంతుందో పసిగడుతుందట, ఉంటే ఆ పెట్టె తెర మీద గీత కొండలా లేస్తుంది, లేకపోతే చాపలా పడుకుంటుంది, మీ నాన్నకంటే నయమే, ఉన్నదీ లేనిదీ చెబుతోంది అని నేనంటే, అమ్మా ప్లీజ్, కాసేపు మాట్లాడకు, అంది, సరే, మాట్లాడను, కప్పు ఖాళీ అయినప్పుడల్లా కడిగి తుడిచి ఇస్తున్నాను, ఈ ఇంటి సైన్సులో నా వంతు అదే, సబ్బు మాత్రం వాడకమ్మా అంది, వాడలేదు.

ఉత్త ఉప్పునీళ్లకే మళ్లీ లేచింది, దీని దుంపతెగ, అంది, పెన్సిల్ ముక్కకింత రాద్ధాంతమా తల్లీ, ఇంకోటి చెక్కుకో, అని పేపరు వెనక నుంచి ఆయన, నాన్నా, సరిగ్గా పూత పట్టింది ఇదొక్కటే, రేపు మేడంకి చూపించాల్సింది ఇదే, ఏమీ లేనిచోట ఉందంటోందంటే నా పూతే అబద్ధాలకోరు, గీకేస్తా, చదువూ మానేస్తా, మానేస్తానంటోంది, నేనూ ఒకరోజు ఇలాగే ల్యాబ్ కోటు మడిచిపెట్టాను, తర్వాత దాంతో స్టవ్ తుడుచుకున్నాను, ఇది ఏం తుడుస్తుందో, కుర్చీ జరిగిన చప్పుడు, గరుకు కాగితం చింపిన చప్పుడు, ఏదైనా చెప్పాలి, చేతులు తుడుచుకుందామని చూసుకుంటే కుడిచేతిలో పిండేసిన నిమ్మచెక్క.

సబ్బు వద్దంది కదా, నిమ్మచెక్క వద్దనలేదు కదా, తళతళలాడాలని ప్రతిసారీ కప్పంతా రుద్ది, గుడ్డతో తుడిచి, మురిసిపోతూ ఇచ్చాను, ఒసే ఆగవే, గీకకు, అని అరిచాను, ఆయన పేపరు కింద పడింది, అమ్మాయి కాగితంతో అలాగే బిగుసుకుపోయింది, నా చేతిలో చెక్క చూసింది, కప్పు వాసన చూసింది, అమ్మా, అంది, తిట్టో ముద్దో తెలియలేదు, అబద్ధాలకోరు పూత కాదు, అది చెప్పిందంతా నిజమే, ఈ వంటింట్లో నేను చేసే పని ఎవరి కంటా పడదనుకున్నాను ఇన్నేళ్లూ, పెన్సిల్ పుల్ల కంట పడింది.