నీ ఓటు పడిపోయిందిలే

నల్లమ్మ నీళ్లలో నానిన బొరుగులను పిడికిళ్లతో గట్టిగా పిండి బాణలిలో వేసింది. ఉల్లిగడ్డలు, పచ్చిమిరపకాయలు అప్పటికే నూనెలో వేగుతున్నాయి. ఆ ఘాటుకు బడి వరండాలో పడుకున్నవాళ్లు ఒక్కొక్కరే దగ్గుతూ లేచారు. ఉగ్గాని చేసేచోట కోడి కూయాల్సిన పని లేదు. లేచినవాళ్లలో సగం మంది ఓటింగ్ యంత్రాలతో నిన్న దిగిన ఉద్యోగులు. మిగతా సగం తుపాకులు పక్కన పెట్టుకుని పడుకున్న కేంద్ర బలగం.

నల్లమ్మ పొట్టి మనిషి. ఎడమచేతి మీద ఎప్పుడో గంజి పడి కాలిన మచ్చ మోచేతి దాకా పాకి ఉంటుంది. పొయ్యి సెగకు కనుబొమలు పలచబడ్డాయి. బరువైన గుండిగలు ఒకే వైపు మోసీ మోసీ, ఉత్త చేతులతో నడిచినా ఒక పక్కకు ఒరిగినట్టే నడుస్తుంది. బడి ఉన్న రోజుల్లో పిల్లలకు, లేని రోజుల్లో ఎవరొస్తే వాళ్లకు వండడం ఆమె పని. అందరూ తిన్నాక గోడకు ఆనుకుని, నిలబడే తింటుంది.

ఈ పని ఇప్పించింది నరేంద్ర. కదిరి దిక్కున తనకల్లు దాటి ఎర్రమట్టి దారి పట్టి వచ్చే ఈ ఊరికి అతను ఒకప్పుడు సర్పంచ్. పదవి పోయింది కానీ పెత్తనం పోలేదు. మొగుడు ఎర్రిస్వామి చనిపోయిన ఏడు, చేలో ఒక్క వేరుశనగ చెట్టూ లేవని ఏడు, పిలిచి, "పిల్లోళ్లకు అన్నం చేసి పెట్టుకోపో" అన్నాడు. ఆ మాట మీద ఆమె ఇన్నేళ్లు బతికింది. ఉప్పు తిన్న విశ్వాసం ఆమెకు ఉంది, లేదనడానికి వీల్లేదు.

అయితే ఒక్క విషయంలో ఆమెకు లోపల ముల్లు ఉండిపోయింది. ఓటుహక్కు వచ్చిన నాటి నుంచి ఆమె ఓటు ప్రతి ఎన్నికల్లోనూ పడింది. ఆమె మాత్రం ఒక్కసారీ వేయలేదు. పొద్దున్నే వెళ్లినా, మధ్యాహ్నం వెళ్లినా గుమ్మంలో నరేంద్ర మనుషులది ఒకటే మాట. "నీ ఓటు పడిపోయిందిలేమ్మా, ఇంటికి పో." వాళ్ల వీధి వీధికంతా అదే మాట. ఎర్రిస్వామి ఒకసారి ఉండబట్టలేక, "ఎవరేసినారన్నా?" అని అడిగాడు. ఆ ఏడు అతన్ని ఎవరూ కూలికి పిలవలేదు. వేలికి సిరాచుక్క అంటకుండానే పోయాడు మనిషి.

ఈసారి ఎవరు మొర పెట్టుకున్నారో, కంచే చేను మేసే ఊరని పైవాళ్లకు తెలిసిపోయింది. బలగాన్ని పంపారు. ఆ పిల్లలంతా ఈశాన్యపు కొండల వాళ్లు. వాళ్లు లారీ దిగగానే ఊళ్లో గుప్పున పుకారు లేచింది, చైనా మిలిటరీ వచ్చిందని. నరేంద్రకు నిజం తెలుసు. తెలిసీ అరుగు మీద కూర్చుని అందరికీ వినబడేట్టు అన్నాడు. "పరదేశమోళ్లు తుపాకులు పట్టుకోనొచ్చి మనకు ఓటేసేది నేర్పిస్తారంట. ఇదేం కాలమప్పా!" జనం తలలూపారు. ఆ ఊళ్లో తలలు ఊపడానికే ఉన్నాయి.

నల్లమ్మ వాళ్లలో ఒకడిని మొదటిరోజే పేరడిగింది. అతను లాల్ అని మొదలుపెట్టి ఏదో పొడుగాటి పేరు చెప్పాడు. "లాలప్పనా! అట్లయితే మనోడే" అంది. అప్పటి నుంచి అతను ఆమెకు లాలప్పే. పిలిస్తే పలుకుతున్నాడు కూడా.

ఉగ్గాని వడ్డన అవుతుండగా ప్రవీణ్ వచ్చాడు. నరేంద్ర తమ్ముడి కొడుకు, ఓట్ల గదిలో కూర్చునే పార్టీ ఏజెంటు. నల్లమ్మకు కొడుకు వయసువాడే, అయినా ఆమె అతన్ని అన్నా అనాలి.

"నల్లమ్మా, ఈపొద్దు నీకు పని శానా ఉండాది. లైన్లో నిలబడితే ఎండకు పడిపోతావు. మీ వీధోళ్లందరికీ చెప్పినాం. నీకూ చెప్తాండా."

"సరేన్నా."

"వంటపని కావాలనుకునేవాళ్లు ఊర్లో ఇంకా ఉండారు" అని పళ్లు కుట్టుకుంటూ వెళ్లిపోయాడు.

ఓటింగ్ మొదలైంది. వంటగది నుంచి చూస్తే వరస కనబడుతుంది. అందరూ నరేంద్ర వైపు వాళ్లే. తన వీధి తలుపులు తెరుచుకోలేదు. నల్లమ్మ బియ్యం కడిగింది, పప్పు ఎనిపింది, పనికీ పనికీ మధ్య ఒకసారి గుమ్మం వైపు చూసింది. గుమ్మంలో ఇప్పుడు నరేంద్ర మనుషులు లేరు, లాలప్ప ఉన్నాడు. పోవాలని ఉంది. తనకే సిగ్గనిపించేంత ఆశగా ఉంది. పోతే ఈ పని పోతుంది. ఈ వయసులో, ఈ కరువునేల మీద, ఇంకో పని దొరకదు.

ఎండ ముదిరాక లాలప్ప టీకి వచ్చాడు. కదిరిలో సాయిబుల ఇళ్లలో పనిచేసిన రోజుల్లో అబ్బిన ఉర్దూ నల్లమ్మకు కొంచెం మిగిలి ఉంది.

"అమ్మా, వోట్ డాలా?" అన్నాడు.

ఆమె పసుపూ మసీ పట్టిన వేళ్లు చూపించింది. "నహీ. నువ్వు?"

అతనూ తన వేళ్లు చూపించాడు. సిరా లేదు. ఓటు కాగితం టపాలో వస్తుందన్నారట, రాలేదట. ఉద్యోగంలో చేరాక పరాయి ఊళ్ల ఓట్లకు కాపలా కాయడమే తప్ప తన ఊళ్లో వరసలో నిలబడింది లేదట. వాళ్ల కొండల్లో ఓట్లప్పుడు తుపాకులతో దిగేది ఈ దిక్కువాళ్లేనట. "మేరీ మా తుమ్‌కో పరదేశీ బోల్తీ హై" అని నవ్వాడు.

"మమ్మల్నా! మేం యాడి పరదేశమప్పా!" నల్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వు తగ్గాక అడిగింది. "కల్ ఉంటారా?"

"నహీ అమ్మా. షామ్ కో జాతే."

తుపాకులు సాయంత్రానికి వెళ్లిపోతాయి. నరేంద్ర ఎక్కడికీ పోడు. ఇది తెలుసుకోవడానికి చదువు అక్కర్లేదు. లాలప్ప గ్లాసు కడిగిపెట్టి మళ్లీ ఎండలోకి వెళ్లి నిలబడ్డాడు. అందరి ఓట్లకూ కాపలా కాసే పిల్లాడికే ఓటు లేదు. వాడికైతే రాలేదు. తనది పదడుగుల దూరంలో ఉంది కదా.

అన్నం దించింది. మొహం కడుక్కుంది. రవికెలోని సంచిలోంచి ఆధార్ కార్డు తీసుకుని వరసలో నిలబడింది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని ఎవరో అననే అన్నారు. ఆమె వెనక్కి తిరగలేదు. లాలప్ప కార్డు తీసుకుని, అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు ఫొటోనూ మొహాన్నీ పోల్చి చూశాడు. "ఆగే జాయియే" అన్నాడు. ఆ గుమ్మంలో ఆమెను లోపలికి రమ్మన్న మాట అదే మొదటిది.

లోపల ప్రవీణ్ తలెత్తాడు. "నల్లమ్మా, అన్నం మాడిపోతాండాదేమో చూసుకోపో."

"దించేసినా అన్నా."

పేర్లు చూసే ఉద్యోగి వేలు పెట్టి వెతికాడు. పడిపోయిందిలేమ్మా అనే మాటకు నల్లమ్మ చెవులు సిద్ధం చేసుకుంది.

"ఉందమ్మా నీ ఓటు. చెయ్యి చాపు" అన్నాడతను.

ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి. వేలికి సిరా పెట్టించుకుని అట్ట వెనక్కి వెళ్లింది. నరేంద్ర పార్టీ గుర్తు వెతికి, దాని పక్కన మీట నొక్కింది. అవును, దానికే వేసింది. ఇన్నేళ్లు అన్నం పెట్టింది నరేంద్రే. ఎవరికి వేయాలన్నది ఆమెకు ఏనాడూ తగువు కాదు. ఎవరు వేయాలన్నదే తగువు. యంత్రం కూత పెట్టింది. ఆ కూత ఆగేదాకా అక్కడే నిలబడింది.

బయటికి వచ్చేసరికి ఆమె వీధిలో ఒక తలుపు తెరుచుకుంది. రామలక్ష్మమ్మ కార్డు పట్టుకుని వస్తోంది. ఆమె వెనక ఇంకా కొందరు వస్తున్నారు.

పొద్దు వాలాక యంత్రాలు లారీ ఎక్కాయి. "జాతే హై అమ్మా" అని లాలప్ప చెయ్యి ఊపాడు. "జాగ్రత్తగా పోయిరా లాలప్పా" అంది. లారీ లేపిన దుమ్ము తగ్గకముందే నరేంద్ర కారు వచ్చి ఆగింది. ప్రవీణ్ ముందుగా దిగాడు.

"వంటగది బీగంచెవి ఇయ్యి. రేపట్నుంచి వంట వేరేవాళ్లు చూసుకుంటారు. నిన్ను చూసి మీ వీధంతా వచ్చింది."

నరేంద్ర అద్దం దించాడు. గొంతులో కోపం లేదు. "వాడట్లనే అంటాడులే నల్లమ్మా. ఎవరికేసినావో చెప్పు. మాకేసింటే నీ పని నీకే ఉంటాది."

మాట ఆమె నాలుక చివరికి వచ్చింది. అబద్ధం చెప్పే పనే లేదు. మీకే అంటే చాలు, రేపు పొయ్యి తనదే. చెబితే మాత్రం అది మళ్లీ అతని ఓటు అయిపోతుంది.

"అది చెప్పేది గాదన్నా."

"యాలా? ఏంటికి చెప్పగూడదు?"

"నాది గదా."

బీగంచెవి ప్రవీణ్ చేతిలో పెట్టింది. చేతులు కొంగుకు తుడుచుకుని, ఒక పక్కకు ఒరుగుతూ, వీధిలోకి నడిచింది. రేపేం తినాలో ఆమెకు తెలియదు. భయం వేసింది, అయినా నడక ఆపలేదు.

కారు కూడా వెళ్లిపోయింది. వంటగది వెనక తీగ మీద ఎవరో మిలిటరీ పిల్లాడు మరిచిపోయిన ఆకుపచ్చ మేజోళ్ల జత, ఎండకు అట్టకట్టి, పాదాల ఆకారం పోకుండా వేలాడుతోంది.