పరీక్షకు పెట్టిన ముఖం

మా అమ్మకి గుండె బలహీనం. "ఈవిడకి ఏ కబురైనా నెమ్మదిగా చెప్పండి, ఒక్కసారిగా చెప్పారంటే మనిషి దక్కదు" అని డాక్టరు పోయినేడే హెచ్చరించాడు. అందుకే మా తమ్ముడు యావ్ లారీ తోలుకుంటూ టమాలే వైపు ఉత్తరాదికి వెళ్ళినప్పుడల్లా రోజుకు రెండుసార్లు అమ్మకు ఫోను చేసేవాడు. వాడు అంత జాగ్రత్తగా ఉంటే, అక్కనైన నేను చేసిన నిర్వాకం ఇది.

కుమాసీ పట్నంలో ఇంట్లోనే కూర్చుని పోస్టర్లు తయారుచేయడం నా పని. పెళ్ళి కార్డులూ చేస్తాను గానీ నాకు అన్నం పెట్టేవి ఎవరైనా పోతే గోడలకి అంటించే చావు పోస్టర్లే. అచ్చు మాత్రం బయట వేయించేదాన్ని. ఎంత నిగనిగలాడే ముఖమైనా వాళ్ళ మెషీన్లో పడితే బూడిద పూసినట్టు వచ్చేది. "మా నాన్న బతికుండగా ఎప్పుడైనా ఇలా ఉన్నాడా?" అంటూ ఒకావిడ పోస్టరు నా మొహాన విసిరికొట్టింది. ఇక లాభం లేదనుకుని, సొంత ప్రింటరు కొనడానికి అడుమ్ బజారుకు వెళ్ళాను.

కొట్టతను డాంక్వా రెండు చూపించాడు. ఒకటి లేజరు, ఇంకోటి ఇంకు పోసేది.

"లేజరు తీసుకో అక్కా, అక్షరాలు కత్తిలా వస్తాయి."

"అక్షరాలు ఎవరిక్కావాలయ్యా? మా వాళ్ళు చూసేది ముఖం. నల్లటి ముఖం నల్లగానే రావాలి, కన్నూ ముక్కూ కనబడాలి."

"అయితే ఏదో ఒక ముఖం పెట్టు. రెండింట్లోనూ తీసి చూద్దాం."

ఫోన్లో ఉన్నవాటిలో మంచి ఫొటో యావ్‌దే. చావు పోస్టరు నమూనా కూడా ఫోన్లోనే సిద్ధంగా ఉంది. పైన పెద్ద ఎర్రటి అక్షరాల్లో 'పరలోక పిలుపు', చుట్టూ నల్ల అంచు. ఎరుపూ నలుపూ ఎలా వస్తాయో కూడా తేలిపోతుంది కదా అని అందులోనే వాడి ఫొటో పెట్టాను, కింద పేరుతో సహా. బతికున్నవాడి బొమ్మ ఇందులో ఏమిటని ఒక్క క్షణం చెయ్యి ఆగింది. పరీక్షకే కదా అనుకున్నాను. నా బుద్ధి గడ్డి తిన్నది!

లేజర్లో వాడి బుగ్గలు మట్టిరంగులో వచ్చాయి. ఇంకుదాంట్లో మాత్రం, అబ్బ! నుదుటి మీద చెమట మెరుపుతో సహా మా యావే. అదే కొనేసి, టాక్సీలో పెట్టుకుని సంబరంగా ఇంటికొచ్చాను. ఆ కాగితాలు కొట్లోనే వదిలేశాను.

మర్నాడు మధ్యాహ్నం మామయ్య బోవాదు ఫోను చేశాడు. మా కుటుంబానికి పెద్ద ఆయనే.

"బిరాగో! ఎవర్నడిగి పోస్టరు వేయించావే? ఇంటి పెద్దను నేను లేననుకున్నావా? నా మేనల్లుడు పోయిన సంగతి నాకు పక్కింటి అఫ్రియే చెప్పాలా?"

"ఎవరు పోయారు మామయ్యా? ఏం పోస్టరు?"

"ఇంకెవరు, యావ్! అడుమ్‌లో కొట్టు తలుపుకి అంటించి ఉందట."

బాగా వచ్చింది కదా అని డాంక్వా దాన్ని జనానికి చూపించుకుంటున్నాడన్నమాట.

"వాడు బతికే ఉన్నాడు మామయ్యా! అది ప్రింటరు పరీక్షకి నేను వేసింది. అఫ్రియే ఎక్కడుంది?"

"మాంపోంగ్‌లో. మీ అమ్మని పరామర్శించడానికి వెళ్ళింది. నేను ఊళ్ళో లేనే తల్లీ, నువ్వు పరిగెత్తు" అన్నాడు.

అఫ్రియేను తిట్టలేను. మాలో ఎవరు పోయినా పెద్దలు తెల్లవారుజామున వెళ్ళి, మంచినీళ్ళు తాగించి, మెల్లగా చెబుతారు. అదయ్యాకే పోస్టరు పడుతుంది. పోస్టరు కళ్ళారా చూసినవాళ్ళెవరైనా తల్లికి ఇంకా తెలియదని అనుకుంటారా?

అమ్మ ఫోను మోగుతోంది, ఎత్తడం లేదు. యావ్ ఫోను అసలు మోగడమే లేదు. మాంపోంగ్ వెళ్ళే బండిలో గంటసేపు ఆ రెండు నంబర్లే నొక్కుతూ కూర్చున్నాను.

అమ్మ ఇంటి వాకిట్లో ఆడవాళ్ళు గుమిగూడి ఉన్నారు. అఫ్రియే నన్ను చూసి గుండెలు బాదుకుంది.

"అయ్యో, అయ్యో అంటూ చెయ్యి పట్టుకున్నానంతే బిడ్డా. 'ఎవరికేమైందే?' అంది. 'మీ యావ్‌కే కదా' అన్నాను. చెయ్యి నా చేతిలోనే ఉంది, మనిషి జారిపోయింది."

అమ్మను చాప మీద పడుకోబెట్టారు. చుట్టూ కూర్చుని "ఓ యావ్! మీ అమ్మను కూడా తీసుకుపోయావా!" అని రాగాలు తీస్తున్నారు. అది నా పనే అని చెప్పాలని నోరు తెరిచాను.

అప్పుడే ఫోను మోగింది. యావ్.

"ఏంటక్కా ఇన్నిసార్లు చేశావ్? ఫోను చచ్చిపోతే ఇప్పుడే టమాలేలో చార్జింగ్ పెట్టా. అమ్మేమో ఎత్తట్లేదు, అలిగిందా?"

చుట్టూ రాగాలు ఇంకా పెద్దవయ్యాయి.

"ఎవరక్కా ఆ ఏడ్చేది? నా పేరు పెట్టి ఏడుస్తున్నారేంటి? నాకేదో అయిందని ఎవరన్నా కూశారా? అమ్మ విందా? ఇవ్వక్కా, ఫోను అమ్మకివ్వు. హడలిపోయి ఉంటుంది, నేనే చెబుతా."

ఫోను తీసుకెళ్ళి అమ్మ చెవి దగ్గర పెట్టాను.

"అమ్మా, నేనేనమ్మా. నాకేం కాలేదు. వింటున్నావా? మాట్లాడమ్మా" అంటున్నాడు వాడు. ఎంతసేపు అన్నాడో తెలియదు. ఆ ఫోను అక్కణ్ణుంచి తీసే ధైర్యం నాకు లేకపోయింది.