జంట ఎక్కుడు

ఆ కొండ మీద సైకిళ్ళు తొక్కేవాళ్ళలో కనీసం పదిమంది నోళ్ళలో, అందరూ ‘రేడియో’ అని పిలిచే ఆవిడ చేతిపని ఉంటుంది. పళ్ళ డాక్టర్లు పంపిన అచ్చులు ముందేసుకుని కట్టుడు పళ్ళు తయారుచేయడం ఆవిడ ఉద్యోగం. పొద్దున్నే కొండ కబుర్లన్నీ ఫోనులో చెప్పడం ఆవిడ సరదా. ఎక్కడ కంకర జారుతోంది, ఎక్కడ చెట్టు అడ్డంగా పడింది, ఏ వంపులో బురద ఆరలేదు, అన్నీ ఆరు గంటలకల్లా గ్రూపులో పడాల్సిందే. అందుకే ఆ పేరొచ్చింది. కన్నవాళ్ళు పెట్టిన పేరు బ్యాంకువాళ్ళకి తప్ప ఇంకెవరికీ గుర్తున్నట్టు లేదు.

కొండకి రెండు దారులున్నాయి. బండిదారి వెడల్పాటిది, దాని మీద ఎవరెటు పోయినా గొడవలేదు. సన్నదారి అలా కాదు. ఒక పక్క రాయి, ఒక పక్క లోయ, మధ్యలో ఒక్క సైకిలు పట్టేంత చోటు. రాతి మలుపు దగ్గరికి వచ్చేసరికి అవతలి నుంచి ఎవరొస్తున్నారో దేవుడికి కూడా కనిపించదు. అందుకని పాతవాళ్ళు ఒక కట్టుబాటు పెట్టారు. బేసి తేదీల్లో అందరూ సన్నదారిన ఎక్కాలి, బండిదారిన దిగాలి. సరి తేదీల్లో బండిదారిన ఎక్కి సన్నదారిన దిగాలి. సన్నదారిన ఎక్కే రోజుని ‘ఎక్కుడు’ అనీ, దిగే రోజుని ‘దిగుడు’ అనీ అంటారు. ఈ కట్టుబాటు ఊరికే పుట్టలేదు. ఆ మలుపులో ఇద్దరు ఎదురెదురుగా గుద్దుకున్నాక పుట్టింది. ఒకాయన ఇప్పటికీ కర్ర పట్టుకుని నడుస్తాడు. రెండో ఆయన సంగతి ఎవరూ ఎత్తరు.

రేడియోకి ఒక చెడ్డ అలవాటుంది. నిన్నటి మెసేజ్ తీసి, ‘ఎక్కుడు’ అని ఉంటే ‘దిగుడు’ అని మార్చి పంపేస్తుంది. మామూలు రోజుల్లో బాగానే ఉంటుంది. నెలకి ముప్ఫై ఒక్క రోజులున్నప్పుడే చిక్కు. ముప్ఫై ఒకటీ బేసే, మర్నాడు ఒకటో తేదీ కూడా బేసే. వరసగా రెండు రోజులు ఎక్కుడే. దాన్ని జంట ఎక్కుడు అంటారు. ముందు రోజే ‘రేపు జంట ఎక్కుడు, నిద్రమొహాలూ జాగ్రత్త’ అని అందరినీ హెచ్చరించేది కూడా ఈవిడే. ఎవరికి చెప్పామో వాళ్ళు గుర్తుపెట్టుకుంటారు, చెప్పినవాళ్ళే మర్చిపోతారు.

ఆ పొద్దున తొమ్మిదింటికి రేడియో ఒక పై వరస పళ్ళ సెట్టుకి మెరుగు పెట్టి, డబ్బాలో పెట్టి, మూత మీద తేదీ రాస్తోంది. ‘1’ అని రాసింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

నిన్న ముప్ఫై ఒకటి. నిన్న ఎక్కుడు. తను పొద్దున పంపింది...

ఫోను తీసి చూసింది. ‘ఇవాళ దిగుడు. దారి పొడిగా ఉంది. రాతి మలుపులో కంకర, బ్రేకు ముందే పట్టండి.’ నలభై మూడు మంది చూశారు. దాని కింద ఎనిమిదింటికి ఒక జవాబు వచ్చింది: ‘ఎనిమిది మందిమి బండిదారి ఎక్కుతున్నాం. తొమ్మిదిన్నరకి పైనుంచి దిగుతాం.’ మెసేజ్ తీసేసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. ఎనిమిది మందికీ ఫోన్లు చేసింది. కొండ మీద సిగ్నలు ఎప్పుడుంది గనక!

అప్పుడు బావ గుర్తొచ్చాడు.

బావ అంటే అక్క మొగుడు, ఆఫీసులో గుమాస్తా. పొట్ట తగ్గించమని డాక్టరు అంటే, సైకిలెక్కించింది రేడియోనే. ఆయన కొండకి వెళ్ళేటప్పుడు ఫోను ఇంట్లోనే పడేసి పోతాడు, ఆఫీసువాళ్ళు చేస్తారని. గోడ మీది కాలెండరులో రోజూ ఒక కాగితం చింపి, తేదీ చూసుకుని బయల్దేరతాడు. కాలెండరుని నమ్మినంతగా పెళ్ళాన్ని కూడా నమ్మడని అక్క ఎగతాళి చేస్తుంది. సైకిలు కొన్న రోజున అదే అక్క నవ్వకుండా ఒక మాటంది: “మీ బావకేమైనా అయితే పూచీ నీదే.”

అంటే బావ ఈ పాటికి సన్నదారిన రొప్పుతూ ఎక్కుతుంటాడు. పైనుంచి ఎనిమిది మంది ఎదురెవరూ రారన్న ధీమాతో వచ్చిపడతారు.

అక్కకి ఫోను చేసింది. “అక్కా, బావ ఉన్నాడా ఇంట్లో?”

“ఎక్కడే! ఏడున్నరకే పోయారు. కొత్త టైర్లు వేయించారుగా, కాలు నిలవదు. అవునుగానీ పొద్దున నువ్వు...”

“మళ్ళీ చేస్తానక్కా.” పెట్టేసింది. ఇంకో మాట మాట్లాడితే గొంతు తనని పట్టించేస్తుందని భయం. పెద్దాయన, అంటే ఆ కట్టుడు పళ్ళ దుకాణం యజమాని, ఏమైందని అడిగితే కడుపులో బాలేదంది. తన సైకిలు మీద కొండ మొదటికి ఎప్పుడూ పావుగంట పడుతుంది. ఆ రోజు ఎంత పట్టిందో ఆవిడకి తెలియదు. ఒక్క చౌరస్తా కూడా గుర్తులేదు.

బండిదారిన పైకి పోయి ఆ ఎనిమిది మందిని ఆపడానికి టైము లేదు. కింది నుంచి ఎక్కి బావని పట్టుకోవాలి, వెనక్కి తిప్పాలి, అంతే. సన్నదారి మొదట్లో దుమ్ములో టైరు గుర్తులు కనబడ్డాయి. నిన్నటివో మొన్నటివో, ఎవరికి తెలుసు? భయపడ్డ కళ్ళకి అన్నీ కొత్త టైరు గుర్తుల్లాగే కనిపించాయి.

“బావా!” అని అరిచింది. ఆ కేక మొదటి వంపు కూడా దాటలేదు. హెల్మెట్ పట్టీకి కట్టుకున్న విజిల్ ఊదుతూ తొక్కింది. ఊదితే తొక్కడానికి ఊపిరి చాలదు, తొక్కితే ఊదడానికి చాలదు. మొదటి వంపు దాటింది, ఎవరూ లేరు. రెండో వంపు దాటింది, లేరు. ఇంత బరువు మనిషి ఇంత దూరం ఎలా ఎక్కాడు? పడిపోయాడా? లోయలోకి చూడాలంటే భయం. చూసింది. పొదలు తప్ప ఏమీ లేవు. ‘అక్కకి ఏం చెప్పను’ అన్న ఒక్క మాటే బుర్రలో తిరుగుతోంది. తను కూడా ఎదురు దారిలోనే ఉన్నానన్న సంగతి ఆవిడకి తట్టనే లేదు.

రాతి మలుపు వచ్చింది. పైనుంచి చిన్న చిన్న రాళ్ళు దొర్లుకుంటూ వచ్చాయి. వాటి వెనకే గొలుసు చప్పుడు. విజిల్ నోట్లో పెట్టుకుని, ఉన్న ఊపిరంతా పెట్టి ఊదింది.

మలుపు తిరిగి వచ్చింది బావ!

ఎక్కుతూ కాదు, దిగుతూ వచ్చాడు. ఆవిణ్ణి చూసి ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. లోయ వైపు తిప్పడానికి క్షణం చాలు. తిప్పలేదు. రాయి వైపు తిప్పాడు. సైకిలు రాయిని కొట్టుకుంది, మొహం హ్యాండిల్‌ని కొట్టుకుంది. ఆ చప్పుడు రేడియోకి బాగా తెలుసు. పళ్ళతోనే కదా ఆవిడ బతుకు.

విజిల్ విన్న ఎనిమిది మందీ మలుపుకి అవతలే ఆగారు, ఒకరి వెనక ఒకరు నడుచుకుంటూ వచ్చారు. వాళ్ళలో ముందున్న ఒక నర్సు బావ మొహం పట్టుకుని చూసి, దవడ బాగానే ఉందని చెప్పి, రుమాలు నొక్కి పట్టి, రేడియో వైపు తిరిగింది.

“నువ్వేంటి రేడియో ఎదురొస్తున్నావు? ఇవాళ దిగుడు కదా?”

“ఇవాళ ఒకటో తేదీ,” అంది రేడియో. దారి మీదే కూర్చుండిపోయింది. “జంట ఎక్కుడు. నేను తప్పు పెట్టాను.”

ఆ ఎనిమిది మందిలో ఒకతను నెమ్మదిగా అన్నాడు: “ఒకటో తేదీ అని తెలుసు. దార్లో అనుకున్నాం కూడా. నువ్వు చెప్పావంటే ఏదో కారణం ఉంటుందిలే అని...”

రేడియో బావ వైపు చూసింది. “నువ్వు ఫోను చూడవుగా బావా! కాలెండరేగా చూస్తావు?”

“మీ అక్క చదివి వినిపించింది,” అన్నాడు బావ. ముందు పళ్ళు రెండు లేవు, మాట గాలిలో కలిసిపోతోంది. “కాగితం నేనే చింపాను. ఒకటి అని ఈ కళ్ళతోనే చూశాను. కాలెండరువాడు తప్పు వేశాడేమో అనుకున్నాను.” రుమాలు తీసి రక్తం చూసుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. మరదల్ని నవ్వించాలని అన్నట్టున్నాడు: “ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అని, కొండ మొత్తం మీద తేదీ ప్రకారం ఎక్కింది నువ్వొక్కదానివే.”

అందరూ నవ్వారు. రేడియోకి మాత్రం అంతకు ముందు పడ్డ భయం ఒక లెక్కా అనిపించింది. బావ ఒక్కడి కోసం కదా భయపడింది. ఇంతమంది తమ కళ్ళని పక్కన పెట్టి తన మాట పట్టుకుని కొండ దిగారు. ఇవాళ పొద్దున తను లోయలోకి దారి చూపించినా, ఏదో కారణం ఉంటుందిలే అనుకునేవాళ్ళు.

పళ్ళ డాక్టరు దగ్గర అక్క తిట్టలేదు. తిడితే బాగుండేది. “చదివింది నేనేనే,” అంటూ చెల్లెలి చెయ్యి పట్టుకుని కూర్చుంది. సాయంత్రానికి బావ నోటి అచ్చు రేడియో బల్ల మీదికి వచ్చింది, రెండు ఖాళీలతో. డబ్బా మూత మీద తేదీ రాయమని పక్క కుర్చీ ఆవిడకిచ్చింది.

మర్నాడు ఆరింటికి లేచి కాలెండరు చూసింది. పేపరు మీద తేదీ చూసింది. ఫోనులో చూసింది. పక్కింటి తలుపు కొట్టి అడిగింది. రెండో తేదీ, సరి సంఖ్య, సందేహం లేదు. అయినా ‘దిగుడు’ అన్న మాట కొట్టడానికి వేలు రాలేదు. చివరికి ఇలా పంపింది: ‘నిన్న తప్పు నాదే. ఇక నుంచి దారి ఎలా ఉందో మాత్రమే చెబుతాను. ఎటు పోవాలో ఎవరి కాలెండరు వాళ్ళు చూసుకోండి. నా మాట నమ్మకండి.’

నలభై మూడు మందీ చూశారు. ఒకరు దణ్ణం బొమ్మ పెట్టారు. ఒకరు నీ తప్పేముందిలే అన్నారు. తర్వాత అక్క నుంచి వచ్చింది: ‘మీ బావ అడగమంటున్నారు. అదంతా సరేగానీ, ఇంతకీ ఇవాళ ఎక్కుడా, దిగుడా?’

దాని కింద అదే ప్రశ్న ఇంకో ఆరుగురు అడిగారు. రేడియో ఫోను బోర్లా పెట్టింది. బల్ల మీద అది మోగుతూనే ఉంది.