తిరిగే పిన్ను, బిగిసే పిన్ను

రేపటి కొండదారి రేసులో కారు ఎవరు నడపాలన్న తగువు ఆ వర్క్‌షాపులో చాన్నాళ్లుగా నడుస్తోంది. పోటీ మామకీ కోడలికీ మధ్య. చివరికి అత్తగారు తీర్పు చెప్పేసింది: విప్పిన ఇంజిన్‌లోకి ఎవరు చెప్పిన పిన్ను ఎక్కితే స్టీరింగ్ వాళ్లది.

పిస్టన్‌నీ కనెక్టింగ్ రాడ్‌నీ కలిపే ఉక్కు గొట్టమే ఆ పిన్ను. అది రాడ్‌లో కదలకుండా బిగుసుకోవాలని మామ పట్టు. రెండింట్లోనూ హాయిగా తిరగాలని, పక్కకు జారకుండా చివర్ల లాకులు చాలని కోడలి పట్టు.

పొద్దున్నే రెండు పార్సిళ్లు వచ్చాయి. కోడలి పెట్టెలో కొత్త రాడ్లు, పిన్ను తేలిగ్గా తిరిగేలా కంచు బుష్షులు బిగించినవి. మామ పెట్టెలో కొత్త పిస్టన్లు, పిన్నులు. ఒకరికి చెప్పకుండా ఒకరు తెప్పించినవే.

కోడలు ఒక పిస్టన్ తీసుకుని పిన్ను రంధ్రంలో వేలు తిప్పింది. లోపలంతా నున్నగా ఉంది.

"మామయ్యా, లాకు కూర్చునే గాడి ఏదండీ?"

"గాడెందుకు? నా పిన్ను రాడ్‌లోనే బిగుస్తుంది. ఏదీ, నీ రాడ్ ఇటివ్వు."

ఆయన దూర్చిన పిన్ను ఇటు నుంచి అటు సర్రున జారి చేతిలో పడింది. ఇలాగే బిగిస్తే అది పక్కకు పాకి సిలిండర్ గోడను గీరేస్తుంది. పాత పిస్టన్లు అరిగిపోయాయి, పాత రాడ్లలో ఒకటి వంకర. మళ్లీ తెప్పించే వ్యవధి లేదు.

"బాగుంది సంబడం!" అంది అత్తగారు గుమ్మంలోంచి. "రేపు ఇద్దరూ రోడ్డు పక్కన నిలబడి చప్పట్లు కొట్టండి."

కోడలు పిన్ను వంక కన్నార్పకుండా చూసింది.

"లాకే ఎందుకు? పిన్ను చివర్లకు అల్యూమినియం బిళ్లలు తొడిగితే? మెత్తనిది, గోడకు ఆనినా గీత పడదు."

మామ చటుక్కున లేచాడు. "గోడ వంపుకు తగ్గట్టు నున్నగా తీయాలి. లేత్ నేను చూస్తా. నువ్వు పిన్నులు అరగదీసి పొట్టి చెయ్యి!"

ఇక చూడాలి ఆ హడావుడి! ఆయన బిళ్లలు తీస్తుంటే ఆమె ఒక్కొక్కటీ తూకం వేసి, "ఇది లావైపోయింది, తిండి తగ్గించండి" అంటూ వెనక్కి విసిరింది. సాయంత్రానికి ఇంజిన్ కారులోకి ఎక్కింది. తాళం తిప్పగానే గర్జించింది. ఎక్కడా టకటకలు లేవు.

"పిన్ను తిరుగుతోంది. గెలుపు నాదే!"

"లాకులు లేవుగా, నీదెలా అవుతుంది?" అంటూనే ఆయన పక్క సీట్లో కూలబడ్డాడు. "పోనీలే, బిళ్లల ఉపాయం నీది. నువ్వే నడుపు. పక్కన ఒకరు కూర్చోవచ్చుగా, మలుపులు నేను చెప్తా."

"చెప్పండి. వింటానో లేదో రేపు తెలుస్తుంది."

"అది సరే, మనకున్నది ఒక్క పాత హెల్మెట్టేగా?" అంది అత్తగారు.

మామా కోడలూ నేల చూపులు చూశారు. ఆయన వెళ్లి బీరువా వెనక నుంచి, ఆమె వెళ్లి టైర్ల మాటు నుంచి గెలుపు తమదేనని ముందే కొని దాచుకున్న చెరో కొత్త హెల్మెట్ తీసుకొచ్చారు.

అత్తగారు పొట్ట పట్టుకుని నవ్వింది.